ముందు చెప్పు, ఎన్క ముట్టు

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున మా మనవరాలినీ, దాని తరగతిలో చదివే పక్కింటి అబ్బాయినీ వెంటబెట్టుకుని సైన్సు కేంద్రానికి వెళ్ళాను. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ పోయే దారిలో మెట్రో పిల్లర్ల నీడ దాటి ఒక సందులోకి తిరిగితే, కోచింగ్ హాస్టళ్ళ మధ్య, బాల్కనీల్లో ఆరేసిన బట్టలకి ఎదురుగా ఆ రెండంతస్తుల పాత భవనం ఉంటుంది. ఒక ట్రస్టు నడుపుతుంది. అక్కడ అద్దాల వెనక దాచిపెట్టిన వస్తువు ఒక్కటీ లేదు. పిల్లలు చేత్తో తిప్పాలి, లాగాలి, ఎక్కి కూర్చోవాలి, దొర్లించి చూడాలి. ఏడేళ్ళుగా నేను ఆ సందులోకి తిరగలేదు. మనవరాలు బడిలో ఎవరో చెప్పగా విని పట్టుబట్టింది కాబట్టి వెళ్ళాను.

లోపలికి వెళ్ళి పది నిమిషాలైనా కాలేదు.

"తాతా, అన్నిటికీ ఈ డాట్స్ ఏంటి?" అంది.

చూశాను. కప్పీల మీద, అద్దాల పెట్టె మీద, తిరుగుడు కుర్చీ మీద, ప్రతి పరికరానికీ కుడిపక్కన రెండు గుండ్రటి స్టిక్కర్లు. ఒకటి నీలం, ఒకటి ఆకుపచ్చ. గోడకి ఒక బోర్డు: రెండు చుక్కలూ ఉన్నవాటినే ముట్టుకోండి.

యూనిఫాం చొక్కా వేసుకున్న ఒక అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. "నీలంది మెకానిక్ పెడ్తడు అంకుల్, నట్లు బోల్టులు చూసినంక. పచ్చది మేం పెడ్తం, ఒకసారి నడిపి చూసి. రెండు లేకుంటె పిల్లల్ని ఎక్కనియ్యం."

"ఎవరు కనిపెట్టారమ్మా ఈ పద్ధతి?"

"కొత్త సిస్టం అంకుల్. ఎవరో కన్సల్టెంట్ సారొచ్చి రెండు రోజులు ట్రైనింగ్ ఇచ్చిండు."

బెంచీ మీద కూర్చున్నాను. కూర్చోలేక లేచాను. పిల్లల్ని ఆ అమ్మాయికి అప్పగించి గేటు దగ్గరికి వెళ్ళి, టికెట్లు చించుతున్న ముసలి వాచ్‌మన్‌ని అడిగాను. "ఇక్కడ ఇదివరకు ఒకావిడ ఉండేది. బొడ్లో చాక్‌పీసు పెట్టుకుని..."

"చాక్‌పీస్ అమ్మమ్మనా? నిరుడు పోయింది సార్. జరమొచ్చింది. నాలుగొద్దులు, అంతే."

పిల్లల్ని ఇంటికి చేర్చి మళ్ళీ బయటపడ్డాను. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా పిల్లరు వెంట పిల్లరు నడిచాను. పైన రైళ్ళు పోతున్నాయి, ఎక్కబుద్ధి కాలేదు. ఆ రోజు నుంచి నాకు స్థిమితం లేదు. రాస్తే వస్తుందేమోనని రాస్తున్నాను. వస్తుందన్న నమ్మకమేమీ లేదు. నమ్మకాల పట్ల నాకు గౌరవం తక్కువని నన్ను చదివేవాళ్ళకి తెలుసు.

*

ఆమె ఉద్యోగం పేరేమిటో ఆమెకే సరిగ్గా తెలియదు. ఊడవడానికి పెట్టుకున్నారు. ఊడుస్తూ ఊడుస్తూ పరికరాలన్నిటినీ తన చేతిలోకి తెచ్చుకుంది. ఏ కప్పీ కీచుమంటుందో, ఏ లోలకం దారం పీచులు లేస్తోందో, ఏ అద్దం మీద పిల్లలు ముక్కులు ఆనిస్తారో ఆమెకి తెలిసినట్టు ట్రస్టులో ఇంజనీర్లకి తెలియదు.

మెడ తిరిగేది కాదు. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడు నీళ్ళు జనం ఎముకల్ని బిగదీసిన ఊళ్ళలో ఆమెదొకటి. పక్కకి చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. పైకి చూడాలంటే గోడకి వీపు ఆనించి, పాదాలు ముందుకి జరిపి, వాల్చిన నిచ్చెనలా నిలబడేది. నాదర్‌గుల్ వైపు నుంచి శిక్షణ విమానాలు అప్పుడప్పుడు ఆ భవనం మీదుగా పోయేవి. చప్పుడు వినపడగానే పిల్లల్ని వరండాలోకి తోలి, వాళ్ళ తలలు వంచి, "యాడికెళ్ళి ఒస్తుందో ముందు జెప్పుర్రి, ఎన్క సూడుర్రి" అనేది. పిల్లలు కళ్ళు మూసుకుని, చెవులు రిక్కించి, తలా ఒక దిక్కు వేలు చూపేవాళ్ళు. ఆ తర్వాతే ఆకాశం. ఈలోగా ఆమె గోడకి ఆనుకుని సిద్ధంగా ఉండేది. ఆమెకి విమానం కనపడేసరికి అది సగం దాటిపోయేది. "నా వంతుకెప్పుడు తోకే" అని నవ్వేది.

ముందు చెప్పు, తర్వాత ముట్టుకో. ఆ హాల్లో ఆమె చట్టం ఇదొక్కటే. పిల్లవాడు పరిగెత్తుకొచ్చి చక్రం మీద చెయ్యి వెయ్యబోతే, చీపురుకట్ట అడ్డం పెట్టేది.

"ఏమైతది?"

"తిరుగుతది."

"తిరుగుతదని నా చీపురుకు గూడ ఎర్కే. ఎటు తిరుగుతది? పెద్దది ముందు తిరుగుతదా, చిన్నదా?"

"తెల్వదు అమ్మమ్మా."

"తెల్వదని ముడితె తెల్వకుంటనే పోతవ్. తప్పైనా సరె, ఒక్కటి జెప్పు."

పిల్లవాడు ఏదో ఒకటి చెప్పేవాడు. అప్పుడు బొడ్లోంచి చాక్‌పీసు తీసి వాడి చేతికిచ్చేది. హాలు చివరి గోడకి నడుమెత్తు దాకా నల్లరంగు వేయించుకుంది. అక్కడ వాడు తన పేరూ, తన జవాబూ రాయాలి. ఆమెకి చదువు రాదు, రాసింది వాడిచేతే చదివించుకునేది. తర్వాత పరికరం ముట్టుకోవాలి. జవాబు ఒప్పైతే పేరు తుడిచేసేది. తప్పైతే ఉంచేది.

తిరగేసి చేస్తున్నారేమో అని ఒకసారి అడిగాను. తప్పు చెప్పినవాళ్ళ పేర్లు గోడమీద ఉంచడం పిల్లల్ని అవమానించడం కాదా అన్నాను.

"ఒప్పైనోనికి ఎర్కైంది సార్. ఇంటికి పోతడు. తప్పైనోడు మళ్ళ ఒస్తడు. ఆని జాగ ఆనికి ఉండాలె గద."

నిజంగానే వచ్చేవాళ్ళు. వచ్చి, తమ పేరు వెతుక్కుని, మళ్ళీ చేసి చూసి, తమ చేత్తోనే తుడుచుకునేవాళ్ళు. ఆ గోడ ముందు పిల్లల మొహాలు చూసినవాడు ఇక పరీక్షల మార్కుల గురించి మాట్లాడడు.

ఆ అలవాటు ఎక్కడిదని అడిగితే ఆమె పుస్తకాల పేర్లు చెప్పలేదు. చెంబులో నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది. "మంచిగున్నయా?" అంది. తేటగా ఉన్నాయి. మంచివే అన్నాను. "మా ఊరియి గూడ గిట్లనె తెల్లగుండె. సూశినం, తాగినం. నలభై ఏండ్లు తాగినంక పట్నంకెళ్ళి సార్లొచ్చి సీసల పట్టుకపోయి పరీక్ష జేశిండ్రు. అప్పటికి మెడ వొయింది." మనిషంతా తిరిగి హాల్లో పిల్లల్ని చూసింది. "సూశుడు వేరు, పరీక్ష జేశుడు వేరు సార్."

*

నేను ఎవరో కూడా చెప్పాలి. తెనాలి వైపు హేతువాదుల చర్చాసభల్లో పెరిగినవాణ్ణి. ఖాళీ చేతిలోంచి విభూతి తీసి చూపించాను. వెలిగే కర్పూరం నాలుక మీద పెట్టుకున్నాను. బాబాల భక్తులు వేదిక మీద రాళ్ళు వేస్తే మైకు వదలకుండా మాట్లాడాను. ఉద్యోగరీత్యా ఈ నగరానికి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డాక కాలనీ పిల్లలకి ఆదివారాలు ప్రశ్నల బడి నడిపాను. ఏదీ నమ్మొద్దు, అన్నీ అడగండి అని చెప్పేవాణ్ణి. వాళ్ళని నెలకోసారి ఈ కేంద్రానికి తీసుకెళ్ళేవాణ్ణి. ఆమె నాకు తెలిసింది అలాగే.

మొదటిసారి వెళ్ళినప్పుడు బంతుల పందెం దగ్గర నిలబడ్డాం. రెండు ఇనప దారులు పక్కపక్కనే ఉంటాయి. రెండూ ఒకే ఎత్తులో మొదలై ఒకే ఎత్తులో ముగుస్తాయి. ఒకటి కాస్త వాలి, అక్కణ్ణుంచి తిన్నగా పోతుంది. రెండోది మధ్యలో గుంటలా దిగి మళ్ళీ పైకి లేస్తుంది. ఒకేసారి రెండు బంతులు వదిలితే ఏది ముందు చేరుతుంది?

పిల్లలు తిన్నటి దారి అన్నారు. నేను వాళ్ళని ఆపి శక్తి నిత్యత్వం గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఎత్తు సమానం కాబట్టి శక్తి సమానం, శక్తి సమానం కాబట్టి రెండూ ఒకేసారి చేరతాయని పది నిమిషాలు నిరూపించాను. ఆమె చీపురు మీద గడ్డం ఆనించి అంతా విన్నది.

"అయిందా సార్?"

"అయింది."

"అయితె గోడ మీద రాయి" అని చాక్‌పీసు నా చేతిలో పెట్టింది.

పిల్లలు గొల్లుమన్నారు. నేను రాయనన్నాను. నేను సందర్శకుణ్ణి కాదు, వీళ్ళ మాస్టార్ని అన్నాను. "మాస్టర్‌వైతె ఇంక పెద్దగ రాయి" అంది. ఒక పిల్ల నా చేతిలోంచి చాక్‌పీసు లాక్కుని రాసేసింది. మాస్టారు: రెండూ సమానం.

ఆమె బంతులు వదిలింది. గుంటలో దిగిన బంతి ముందు చేరింది. మళ్ళీ వదిలింది. మళ్ళీ అదే.

"కిందికి దిగినోడు ఉరుకుతడు సార్. పైకొచ్చినంక నీ తిన్నటోనితోని సమానంగనె నడుస్తడు. గది నువ్వు జెప్పింది కరెక్టే. కని అప్పటికే ఆడు ముందట వడ్డడు."

ఇంత శుభ్రమైన వివరణ నేను ఏ పాఠ్యపుస్తకంలోనూ చదవలేదు. చివరి వేగాలు సమానమన్న నా సూత్రం ఒప్పే. దారిలో గడిచిన కాలాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు. ఒప్పు సూత్రం పట్టుకుని తప్పు జవాబుకి చేరాను. ఆ రోజు నవ్వేశాను. నా పేరు గోడ మీద ఉండిపోయింది. తర్వాత ఎన్నిసార్లు వెళ్ళినా నేను దాన్ని తుడవలేదు, ఆమె తుడవలేదు.

నాకు అసలు ఇబ్బంది ఆ పరికరాల మీద ఉన్న చుక్కలతో మొదలైంది.

ప్రతి పరికరం పక్కనా ఒక పసుపు బొట్టు, దాని కింద ఒక కుంకుమ బొట్టు. మొదట్లో దసరా ఆయుధపూజ మిగులు అనుకున్నాను. దసరా వెళ్ళి ఎన్నో నెలలైనా, వెళ్ళిన ప్రతిసారీ బొట్లు తాజాగా ఉన్నాయి. ఒక ఆదివారం పిల్లలముందే అడిగాను.

"ఏమ్మా, ఇది సైన్సు కేంద్రమా, గుడా?"

"జర ఆగు సార్, గా పసుపు మా తమ్మి..."

"మీ తమ్ముడు పెట్టినా తప్పే, మీరు పెట్టినా తప్పే. కుంకుమ పెడితే కప్పీ బాగా తిరుగుతుందా? పెట్టకపోతే ఆగిపోతుందా? పిల్లలూ, చెప్పండి!"

"ఆగదు!" అని అరిచారు పిల్లలు. నేను నేర్పిన గొంతుతోనే అరిచారు.

ఆమె ఇంకోసారి నోరు తెరిచింది. "గట్ల గాదు సార్, నేను జెప్పేది..." నేను అప్పటికే ఉపన్యాసంలో ఉన్నాను. ప్రయోగశాలకీ పూజగదికీ తేడా, భయానికీ జ్ఞానానికీ తేడా. బాగా మాట్లాడాను. ఆ రోజు నా మాట ఎంత పదునుగా ఉందో ఇప్పటికీ గుర్తుంది. ఆమె చాక్‌పీసు బొడ్లో దోపుకుని, మనిషంతా అటు తిరిగి, ఊడుస్తూ వెళ్ళిపోయింది.

ఆ నెల మా హేతువాద పత్రికలో వ్యాసం రాశాను. శీర్షిక: ప్రయోగశాలలో పసుపు కుంకుమలు. ఒక ప్రతి ట్రస్టు కార్యదర్శికి పంపాను. ఆయన రిటైరైన బ్యాంకు ఆఫీసరు, మర్యాదస్తుడు. వెంటనే ఫోన్ చేశాడు. "మీరన్నది అక్షరాలా నిజమండీ మాస్టారూ. సిగ్గుపడాల్సిన విషయం. రేపే తుడిపించేస్తాను."

తుడిపించాడు. తడిగుడ్డతో తుడిచింది ఆమే.

*

ఆ బొట్లు ఏమిటో నాకు మూడు నెలల తర్వాత తెలిసింది.

కేంద్రానికి ఒక మెకానిక్కు ఉండేవాడు. ఆమె తమ్మి అనేది అతన్నే. కర్మన్‌ఘాట్ వైపు మోటార్ వైండింగ్ షాపు అతనిది. రోజూ పొద్దున ఆరింటికి వచ్చి, ఒక్కొక్క పరికరానికీ నట్లు బిగించి, ఏడింటికల్లా తన షాపుకి వెళ్ళిపోయేవాడు. ఆమె తొమ్మిదింటికి వచ్చేది. ఇద్దరూ ఒకరికొకరు ఎదురుపడేవాళ్ళు కాదు. అందుకని అతను తను బిగించినదానికి పసుపు పెట్టేవాడు. ఆమె పసుపు ఉన్నదాన్ని మాత్రమే తుడిచి, తను ఒకసారి నడిపి, సరిగా ఉంటే కింద కుంకుమ పెట్టేది. పసుపు లేనిదాని మీద బకెట్ బోర్లించేది, పిల్లలు ఎక్కకుండా. ప్రతి సాయంత్రం రెండు బొట్లూ తుడిచేసి మర్నాటికి ఖాళీ చేసేది. పసుపూ కుంకుమా ఎందుకంటే, అవి ఇంట్లో ఉంటాయి. తడి చేత్తో అంటుకుంటాయి, తుడిస్తే పోతాయి.

ఆమెకి అది పూజ కాదు. పనిగుర్తు, అంతే.

బొట్లు పోయాక కార్యదర్శి ఒక రిజిస్టరు పెట్టాడు. అది ఆఫీసు గదిలో ఉండేది. ఆఫీసు పదింటికి తెరిచేవాళ్ళు. ఆరింటికి వచ్చి పోయే మనిషి అందులో ఎప్పుడు రాస్తాడు? చదువురాని మనిషి అందులో ఏం చూస్తుంది? ఎవరూ అడగలేదు. ఆమె ఫోన్ చేసి కనుక్కునేది. అతను మోటార్ల చప్పుడులో ఉంటే ఎత్తేవాడు కాదు.

మూడో నెల, మా బడి ఆదివారం. పాతికమంది పిల్లలు వెంట ఉన్నారు. ఆమె తిరుగుడు కుర్చీ ముందు ఫోన్ చెవికి పెట్టుకుని నిలబడి ఉంది. ఆ కుర్చీలో కూర్చుని రెండు చేతుల్లో బరువులు పట్టుకుని చేతులు చాపాలి, ఎవరైనా తిప్పాక చేతులు దగ్గరికి తెచ్చుకుంటే జోరు పెరుగుతుంది. పిల్లలకి అదంటే ప్రాణం.

"తెరవండమ్మా, పిల్లలు ఎంతసేపు నిలబడతారు?" అన్నాను.

"జర ఆగు సార్, తమ్మి ఎత్తుతలేడు."

"కుర్చీ తిప్పడానికి మీ తమ్ముడి అనుమతి దేనికి?"

ఆమె ఫోన్ దించింది. నావైపు మొత్తం తిరిగి ఒకసారి చూసింది. పక్కకి తప్పుకుంది.

బడంగ్‌పేట్ నుంచి వచ్చే ఒక పిల్ల ఎక్కింది. మూడో చుట్టులో కుర్చీ వాలిపోయింది. కింది బోల్టు వదులుగా ఉంది. పిల్ల గడ్డం నేలకి కొట్టుకుంది. నేనే ఎత్తుకుని ఆటోలో దవాఖానాకి పరిగెత్తాను. మూడు కుట్లు.

రెండు రోజుల తర్వాత ట్రస్టు కమిటీ కూర్చుంది. సాక్షిగా నన్నూ పిలిచారు. ఆమె గుమ్మంలో నిలబడింది. ఎవరూ కూర్చోమనలేదు. నేనూ అనలేదు.

"బోల్టు బిగించిందీ లేనిదీ చూసుకోకుండా ఎలా తెరిచావమ్మా?" అని అడిగాడు కార్యదర్శి.

"ఇంతకుముందు పసుపుంటుండె సార్. పసుపుంటె తమ్మి బిగించిండని. నేను తిప్పి సూశి కుంకుమ పెడ్తుంటి. ఇప్పుడు రెండూ లెవ్వు. నేను జర పరేషాన్ల ఉండి తెరిశిన. తప్పు నాదే."

నన్ను తొందరపెట్టారని ఆమె అనలేదు. నావైపు తిరగలేదు కూడా. ఆమె తిరగాలంటే మనిషంతా తిరగాలి కదా, అందరికీ తెలిసిపోయేది.

ఆ క్షణంలో నాకు అంతా అర్థమైంది. ఏమీ మాట్లాడలేదు. కారణం ఏమిటో దాచను. అప్పటికే కాలనీలో ఒక మాట పాకిపోయింది. సైన్సు కేంద్రంలో బొట్లు తుడిపించారు, అందుకే పిల్ల పడింది, అమ్మవారికి కోపం వచ్చింది. జాతకాలు చెప్పేవాడొకడు దాన్ని తన షాపు ముందు నిలబడి రోజూ ప్రచారం చేస్తున్నాడు. నేను ఇప్పుడు నోరు తెరిచి, అవును, బొట్లు తీసేసినందుకే అంటే? నలభై ఏళ్ళు నేను కొట్లాడినవాళ్ళు నా మాటనే పట్టుకుని ఊరేగుతారు. ఉద్యమం ముఖ్యం అనుకున్నాను. మనం ఎవరినైనా బలిపెట్టేటప్పుడు అంత పెద్ద మాటే వాడతాం. గుళ్ళో వాడైనా అంతే, వేదిక మీద వాడైనా అంతే.

ఆ తర్వాతి నెల ఆ పుకారుని ఖండిస్తూ ఇంకో వ్యాసం రాశాను. బొట్లకీ ప్రమాదానికీ సంబంధం లేదని రాశాను. నా మొత్తం రచనల్లో నేను తెలిసి తెలిసి రాసిన అబద్ధం అదొక్కటి. బొట్లు తీసేసినందుకే పిల్ల పడింది. ఆ వాక్యం నిజం. దాని కారణం వాళ్ళు అనుకున్నది కాదు, నేను అనుకున్నదీ కాదు.

ఆమెని హాల్లోంచి తీసేసి గేటు దగ్గర టికెట్లు చించే పనిలో పెట్టారు. నల్లగోడకి సున్నం వేశారు.

*

ఒక్కసారి కలిశాను. చెప్పేద్దామనే వెళ్ళాను. ఆమె గేటు పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. చేతిలో చాక్‌పీసు లేదు. టికెట్ పుస్తకం ఉంది.

"పోరి గదుమ మానిందా సార్?"

"మానింది."

"మచ్చ పడ్డదా?"

"చిన్నది."

తల ఊపలేదు, ఆ మెడతో ఊపడం కుదరదు కదా. కళ్ళు ఒకసారి మూసి తెరిచింది. ఇద్దరు పిల్లలు టికెట్ కోసం చెయ్యి చాపారు. ఆమె టికెట్ వాళ్ళ చేతికి ఇవ్వబోయి, వెనక్కి తీసుకుంది.

"లోపల ఎన్ని అద్దాలున్నయ్? ముందు జెప్పు, ఎన్క పో."

"పది!" "కాదు, ఇరవై!"

"పోయి లెక్కబెట్టి ఒచ్చేటప్పుడు నాకు జెప్పుర్రి. మర్వొద్దు. నేను పోను లోపలికి."

పిల్లలు పరిగెత్తారు. నేను నిలబడ్డాను. ఆమె నాకు టికెట్ చించి ఇచ్చింది. నేను తీసుకున్నాను. ఏదో అనాలి. ఎండ బాగా ఉందన్నాను. ఉన్నదన్నది. ఆ టికెట్‌తో లోపలికి వెళ్ళకుండానే బయటికి నడిచాను. మళ్ళీ ఆ సందులోకి తిరగలేదు.

ఈ ఏడేళ్ళలో నేను వేదికల మీద ఎన్నోసార్లు చెప్పాను, తప్పు ఒప్పుకోవడమే శాస్త్రీయ దృక్పథమని. జనం చప్పట్లు కొట్టారు.

*

ఇంతవరకూ రాసి, మొన్న బుధవారం కాగితాలు సంచీలో పెట్టుకుని కర్మన్‌ఘాట్ వెళ్ళాను. మెకానిక్కు షాపు అక్కడే ఉంది. బోరు మోటార్ ఒకటి విప్పి, రాగి తీగ చుడుతున్నాడు. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టాడు. కూర్చోమని స్టూలు జరిపాడు, చాయ్ చెప్పాడు. ఆమె గురించి రాశాను, వింటావా అని అడిగాను.

"సదువు సార్. చేతులు పని జేస్తయి, చెవులు ఖాళీనే."

మొదటి నుంచీ చదివాను. విమానం తోక దగ్గర నవ్వాడు. బంతుల పందెం దగ్గర "గది నాకు గూడ జెప్పింది అక్క, నేను గూడ తప్పే జెప్పిన" అన్నాడు. కమిటీ దగ్గర కళ్ళు మోటార్ మీదికి దించుకున్నాడు. తీగ చుట్టడం మాత్రం ఆపలేదు. నేను నా తప్పంతా చదివాను. అది చదవడానికే వచ్చాను. అతను తిడతాడని అనుకున్నాను. తిడితే తేలిక అనుకున్నాను.

అయిపోయాక తీగ చివర కత్తిరించి, చుట్టను పక్కన పెట్టాడు.

"అంత మంచిగనె ఉన్నది సార్. ఒక్కటి తప్పు రాశినవ్."

"ఏది?"

"పూజ గాదని రాశినవ్. గుర్తు అంతే అని."

"గుర్తే కదయ్యా? నువ్వు పసుపు, ఆమె కుంకుమ..."

"గుర్తే. నాకైతె గుర్తే. అక్క మొక్కుతుండె సార్. దినాం మొక్కుతుండె. ఒక పండుగ రోజు నేను లేటొచ్చి నా కండ్లతోని సూశిన. ఒక్కొక్కదానికి కుంకుమ పెట్టుడు, కండ్లు మూసి మొక్కుడు. గా కుర్చీకైతె రెండుసార్లు మొక్కుతుండె, పోరగాళ్ళు ఎక్కుతరని."

నేను ఏదో అనబోయాను. అప్పుడు కూడా అనబోయాను. నాలోని ఉపన్యాసకుడు అప్పుడే గొంతు సవరించుకున్నాడు. బహుశా అలవాటు కొద్దీ మొక్కి ఉంటుందని, సంస్కారం అంత సులభంగా పోదని, అయినా ఆమె ఆలోచనా పద్ధతి మాత్రం...

"తిప్పి సూశినంక మొక్కుతుండె సార్" అన్నాడతను, తీగ మళ్ళీ చేతిలోకి తీసుకుంటూ. "ముందుగాల గాదు. తిప్పి, ఊపి, బోల్టు పట్టి సూశి, ఎన్క మొక్కుతుండె. ఇప్పుడు నీకు గా మొక్కుడు నచ్చదని దాన్ని తీసేసి రాశినవ్." మోటార్ వైపే చూస్తున్నాడు. "ఒక్కపారి తుడ్పిచ్చినవ్ సార్. మళ్ళ తుడ్వకు."

చాయ్ వచ్చింది. తాగాను. రుచి తెలియలేదు. ఎల్బీనగర్ చౌరస్తా దాకా నడిచి, బస్సెక్కి, రెండు స్టాపులు పోయి దిగి, మళ్ళీ నడిచాను.

ఆమె బతికుండగా ఆమె దేవుణ్ణి చూసి ఆమె పనిని చూడలేదు. ఆమె పోయాక ఆమె పనిని చూసి ఆమె దేవుణ్ణి తీసేశాను. రెండుసార్లూ ఆమెని అడగలేదు. దేవుడు లేడనే నేను ఇప్పటికీ అంటాను, రేపు సభలోనూ అంటాను. ఆమె అడ్డం పెట్టిన చీపురు ముందు మాత్రం నేను ఒక్కసారి కూడా ఆగలేదు.

ఇంటికి వచ్చి, కాగితం తీసి, ఆ రెండు వాక్యాలూ కొట్టేయడానికి కలం మూత తీశాను. 'ఆమెకి అది పూజ కాదు. పనిగుర్తు, అంతే.' కలం మూత మళ్ళీ పెట్టేశాను. ఒప్పైనవాళ్ళవి తుడవాలి, తప్పైనవాళ్ళవి ఉంచాలి. వాళ్ళు మళ్ళీ రావాలి కాబట్టి వాళ్ళ జాగా వాళ్ళకి ఉండాలి. సున్నం వేసేసిన గోడ మీద ఇప్పుడు రాయలేను. అందుకని ఆ వాక్యాలు పైన ఎక్కడ ఉన్నాయో అక్కడే ఉన్నాయి. పక్కన నా పేరు రాసుకోండి.